తుడిచినా వచ్చే మరక

సెక్టర్ 4, భిలాయ్
మార్చి 1984

ప్రియమైన హైమా,

నేను బాగానే ఉన్నాను. నువ్వు బొబ్బిలి వెళ్ళినప్పటినుంచి ఉప్మా మాడ్చుకుని తింటున్నాను, చూస్తే నవ్వేదానివి.

నీకు ఒక సంగతి దాచలేను. దుర్గ్ రోడ్డు క్లబ్బులో, మన ఇందు పోయిన ఆ స్విమ్మింగ్ పూల్‌ని నేనే శుభ్రం చేస్తున్నాను. పోయిన వేసవి నుంచి మూసి ఉంచారు, ఇప్పుడు పిల్లల కోసం మళ్ళీ తెరుస్తారట. బోరునీళ్ళకు ఫైబర్‌గ్లాస్ గోడల చుట్టూ సున్నపు గార కట్టింది, అడుగంతా పసుపు తిరిగింది. ఎవరో కూలీలు చీపుళ్ళతో రుద్దుతుంటే ఓర్చుకోలేకపోయాను. స్టీలు ప్లాంటు మిల్లు మెయింటెనెన్సులో గార తీసేవాణ్ణి, నాకు వదిలెయ్యమన్నాను. లోతు వైపు గోడ మీద ఒక ఎర్రటి మరక ఉంది. పిల్ల అరచెయ్యంత ఉంటుంది.

తిరిగి రాకూడదూ?

నీ
గురునాథం


బొబ్బిలి

శ్రీవారికి నమస్కారాలు.

అమ్మ ముందు చదవలేక మీ ఉత్తరం దొడ్లోకి పట్టుకెళ్ళాను. ఆ నీళ్ళ దగ్గరికి మీకు కాళ్ళెలా వస్తున్నాయి?

రమ్మన్నారు. పదో రోజున అందరి ముందూ నన్ను అడిగారు, పూల్ నిచ్చెన వదలొద్దని పిల్లకు చెప్పి పంపలేదా అని. చెప్పాను. జడ వేస్తూ చెప్పాను, గుమ్మంలో మళ్ళీ చెప్పాను. పిల్లే నిచ్చెన వదిలి మధ్యకు వెళ్ళిందని క్లబ్బు మేనేజరు అన్నాడు, మీరు నమ్మారు. అయితే అది నా మాట వినకపోయైనా ఉండాలి, నేను గట్టిగా చెప్పకపోయైనా ఉండాలి. ఏది నిజమో తేలేదాకా మీ ఎదుట కూర్చుని అన్నం తినలేను.

గార పోవాలంటే వేడినీళ్ళలో నిమ్మఉప్పు కలిపి, మెత్తటి గుడ్డ తడిపి గోడకు అంటించి ఉంచండి. నా బిందెలకు అలాగే చేసేదాన్ని. మీకెందుకు చెబుతున్నానో నాకే తెలీదు.

హైమవతి


భిలాయ్
ఏప్రిల్

ప్రియమైన హైమా,

నిమ్మఉప్పు బాగా పనిచేసింది. గార మెత్తబడి పొరలుగా ఊడివచ్చింది, గోడలు లేతనీలంగా బయటపడ్డాయి. ఆ మరక మాత్రం తుడిస్తే పోతుంది, కొద్దిరోజుల్లో సరిగ్గా అదే చోట తేలుతుంది.

డ్యూటీ దిగి దాని ఎదురుగా కూర్చుంటున్నాను. నీళ్ళు సగానికి దించాం, గాలి లేదు, అయినా ఎవరో ఈదుతున్నట్టు గోడకు నీళ్ళు తగులుతుంటాయి. ఇలాంటివి నేను నమ్మనని నీకు తెలుసు. నిన్న మాత్రం "ఇందూ" అని పిలిచాను. కాపలా పోలయ్య అది విని మొహం తిప్పుకుని వెళ్ళిపోయాడు. మన శ్రీకాకుళం వైపు మనిషి, కూలీలుండే క్యాంప్ 1లో ఉంటాడు. ఆ మరక ఛాయలకే రాడు.

నాకు భయంగా ఉంది హైమా. మిల్లులో తుప్పు తీసినట్టే తీసేస్తాను. బజార్లో ఆసిడ్, వైరు బ్రష్ కొన్నాను.

నీ
గురునాథం


బొబ్బిలి

శ్రీవారికి,

ఆసిడ్ వద్దు. అది ఇనుము కాదు, పాడైపోతుంది. మీ ప్లాంటు వాళ్ళకు లోకమంతా ఇనుమే.

ఒకవేళ నిజంగా మన పిల్లే అయితే ఆసిడ్ పోస్తారా? ఉండనివ్వండి. కల్లో రోజూ అది నిచ్చెన వదిలేస్తూ కనిపిస్తోంది. నేను అరుస్తాను, వినదు.

హైమవతి


భిలాయ్
మే

ప్రియమైన హైమా,

నీ ఉత్తరం చేరేలోపే ఆసిడ్ పోశాను. నువ్వన్నట్టే గోడ మెరుపంతా పోయి గరుకెక్కింది. కానీ మరక ఉన్న చోట బుసబుసా నురగ వచ్చింది. ఫైబర్‌గ్లాస్ అలా పొంగదు. అక్కడ తెల్ల సిమెంటు కూరి, పైన నీలం రంగు వేశారు. సిమెంటు కరిగాక రంధ్రంలో విరిగిన బోల్టు ముక్క కనిపించింది.

పాత నిచ్చెన అక్కడే ఉండేదట. ఆ రోజు మనం ఆస్పత్రికే పరుగెత్తాం, ఆ చోటు చూడనే లేదు. తర్వాత వాళ్ళు ఎదుటి గోడకు కొత్త నిచ్చెన బిగించి, ఇది పూడ్చేశారు. తుప్పు పట్టని స్టీలు బోల్టు వెయ్యాల్సిన చోట మామూలు ఇనుపది వేశారు, ఇంత ఉక్కు ఊళ్ళో. లోపల మిగిలిన ముక్క తుప్పే మరకగా కారుతోంది.

పోలయ్యను పిలిచి చూపించాను. అప్పుడు చెప్పాడు.

"పాప నిచ్చెన ఇడవనేదు బాబూ. నిచ్చెనే ఊడిపోనాది. దాంతో పాటే అడుక్కెళ్ళిపోనాది. సేతులు ఇడిపించడానికి మాకు సేనా సేపు పట్టింది."

నోరెత్తితే పని ఊడుతుందని మేనేజరు బెదిరించాడట. ఇప్పుడు పోలీసులకు కూడా చెబుతానంటున్నాడు.

హైమా, నువ్వు చెప్పావు. అది విన్నది. ఇక వచ్చెయ్.

నీ
గురునాథం


బొబ్బిలి

శ్రీవారికి,

నాకు ఊరట కలగాలని రాశారు. మొదటిసారి చదివినప్పుడు కలిగింది కూడా. నా ఇందు నా మాట విన్నదని అమ్మకు గట్టిగా చదివి వినిపించాను.

అన్నం వడ్డించుకున్నాక తట్టింది. నిచ్చెన పక్కనే గోడ అంచు ఉంది కదండీ. చెయ్యి చాస్తే అందేది. అది నిచ్చెన వదిలేసి ఉంటే బతికేది. వదలొద్దని ఒక్కసారి చెప్పి ఊరుకున్నా వదిలేదేమో. నేను రెండుసార్లు చెప్పాను.

రాయగడ మీదుగా వచ్చే బండిలో బయలుదేరుతున్నాను. ఆ బోల్టును ఎవరినీ ముట్టనివ్వకండి, పోలీసులు చూసేదాకా పూల్ తెరవనివ్వకండి. వేరే పిల్లల తల్లులు కూడా నిచ్చెన వదలొద్దని చెప్పే పంపుతారు.

స్టేషనుకు రండి. నా తప్పేమీ లేదని మాత్రం అనకండి. సంచీ అందుకుని నా పక్కన నడవండి.

మీ
హైమ