అమ్మ కుడిచెయ్యి

మాస్కోలో ఉన్న అన్నయ్యకు,

అధికారికి సిఫారసు చెయ్యమని మొన్న రాశానే, అది ఇక వద్దు. కాలిన గాయానికి మందు పంపు. చదివాక ఈ ఉత్తరం పొయ్యిలో వేసెయ్.

మూడు వేళ్లతోనే శిలువ గుర్తు వేసుకోవాలన్న జార్ చక్రవర్తి ఆజ్ఞ మన ఊరికీ వచ్చిపడింది. విననివాళ్లను పట్టుకోవడానికి ఒక అధికారి కూడా దిగాడు. అమ్మేమో పాత పద్ధతిలో రెండు వేళ్లే అంటుంది. "మీ నాన్న ఇలాగే వేసుకుంటూ పోయాడు, నన్ను మారమంటావా?" అని నామీదే లేచింది. పోయిన ఆదివారం ఆమె చేతికి కట్టు కట్టి, క్యాబేజీ చారు ఒలికి కాలిందని చర్చిలో ఆ అధికారితో అబద్ధమాడాను. అధికారి నవ్వి, "వచ్చే వారం కట్టు విప్పి చూస్తాలే ముసలమ్మా" అన్నాడు.

రేపే ఆదివారం. ఇవాళ పొద్దున అమ్మ మరిగే చారులో తనే చెయ్యి పెట్టింది. నేను ఏడుస్తూ కట్టు కడుతుంటే, "ఆ రెండు వేళ్లూ కలిపి కట్టవే" అంది.

నీ చెల్లెలు