అక్క వేలి మీద పులిపిర్లు

అక్కా, బేకరీకి వెళ్తున్నాను, మూడింటికల్లా వస్తాను. సున్నం డబ్బా కోసం వెతకకు, నేనే దాచేశాను. పక్కింటావిడ మాటలూ ఫోన్‌లో వీడియోలూ నమ్మి వేలు కాల్చుకున్నది చాలు. నిన్న చర్మం డాక్టరమ్మనే వెళ్ళి అడిగాను. "పులిపిర్లకు మందుంది, కొన్ని వారాలు ఓపిక పట్టాలి. కోయకూడదు, గిల్లకూడదు" అన్నారు. ఈరోజు నాలుగింటికి నీ పేరు రాయించాను. తప్పించుకున్నావో, ఊరుకోను.

అంటుకుంటుందేమోనని నువ్వు నెల రోజులుగా పాపను ఎత్తుకోకుండా దూరంగా కూర్చుంటుంటే నాకు ప్రాణం ఉసూరుమంటోంది. అదీ అడిగాను. వేలికి ప్లాస్టర్ చుట్టి, చేతులు కడుక్కుంటే ఎత్తుకోవచ్చట. ప్లాస్టర్లు అద్దం దగ్గర పెట్టాను.

అన్నట్టు, పాప ఉయ్యాలలో ఉంది, మీ మరిది ఇంట్లోనే ఉన్నారు. లేచి ఏడిస్తే ఆయన్ని పిలవకు. నువ్వే ఎత్తుకో.