ఏడు డిగ్రీలు

గూడూరు,
శనివారం

ప్రియమైన బెన్హర్ అన్నకు,

నీ చెల్లెలు ఏంజెలిన్ రాస్తున్నది. దేవుని దయవల్ల అమ్మా నేనూ బాగున్నాం. నువ్వూ వదినా కూడా బాగుండాలని ప్రార్థిస్తున్నాం. ఈ రెండు వాక్యాలూ అమ్మ పక్కన కూర్చుని రాయించింది. "ముందు క్షేమం రాయి పాపా, తర్వాత నీ ఇష్టమొచ్చినట్టు తిట్టుకో" అంది. క్షేమం అయిపోయింది.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ఎనిమిదేళ్ళుగా చెన్నైలో ఉంటూ ఒక్కసారి కూడా కాగితం మీద నాలుగు మాటలు రాయని మనిషివి, ఏకంగా మూడు పేజీలు రాశావని అమ్మ సంబరపడిపోయింది. చదివి వినిపించమంది. రెండు పేజీలు వినిపించాను. మూడో పేజీ మడిచి పక్కన పెట్టేశాను.

మొదట నువ్వు అడిగినవాటికి జవాబులు చెప్పేస్తాను. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. మేడమీద ట్యాంకు కారడం ఆగింది. చర్చి పాటల బృందంలో మళ్ళీ చేరాను, ఆదివారాలు పాడుతున్నాను. ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. ఎత్తితే అరుస్తాను. ఇంట్లో అరిస్తే అమ్మకు బీపీ పెరుగుతుంది. అందుకని.

ఇక మూడో పేజీ. "రేవు పాత ఫైలు నీ దగ్గర ఇంకా ఉందా? ఉంటే తీసెయ్. దానితో ఇప్పుడు ఎవరికీ పనిలేదు" అని రాశావు. ఉంది అన్నా. తీసెయ్యను. ఆఫీసు కంప్యూటర్లలో చోటు చాలడం లేదని పాతవన్నీ తుడిచేసింది నువ్వే. నేను మాత్రం ఏ పూట పని ఆ పూట తారీఖు వేసి నా డిస్కులో దాచుకుంటానని నీకు తెలుసు. ఫోన్‌లో మెసేజీ పెడితే మాట మిగిలిపోతుందనే కదా కాగితం వెతుక్కున్నావు? కాగితం కూడా మిగులుతుంది. నీ మూడో పేజీ ఇప్పుడు నా బైబిల్లో ఉంది.

అమ్మ వదల్లేదు. "ఏముండాది ఆ కాయితంలో? మొగం అట్టా మాడ్చుకున్నావే?" అని వెంటపడింది. చివరికి కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, మన ఆఫీసులో తయారుచేసిన 'రేవు' అనే కంప్యూటరు ఆటను తెరిచి చూపించాను. నువ్వు నాకు నేర్పినట్టే చెప్పాను. తెర మీద గళ్ళ కాగితంలా గడులుంటాయి, గోడైనా మెట్టైనా నేలైనా దాని ప్రతి మూలా గీతలు కలిసేచోట సరిగ్గా కూర్చోవాలి, అప్పుడే పక్కపక్క ముక్కలు ఒకదానికొకటి అంటుకుంటాయి అన్నాను. ఒక్క మూల వెంట్రుకవాసి జరిగినా రెండు ముక్కల మధ్య కంటికి కనపడని సందు పడుతుందనీ, ఆడే మనిషి అక్కడ కాలు పెడితే నేలలోంచి కిందికి జారిపోతాడనీ, కింద నల్లటి ఖాళీ తప్ప ఏమీ ఉండదనీ చెప్పాను.

అమ్మ ముప్ఫై ఏళ్ళు బట్టలు కుట్టిన మనిషి. అతుకు కలవకపోవడమంటే ఏమిటో ఆమెకు రెండోసారి చెప్పక్కర్లేదు.

ఆ రేవు కోసం నేను బోగోలు వైపు తీరానికి నాలుగుసార్లు పోయాను. చేపల వేలం వేసే షెడ్డును, దాని ముందున్న ఐదు మెట్లను టేపు పెట్టి కొలిచాను. అక్కడ చేపలమ్మే కామాక్షమ్మ టేపు రెండో కొస పట్టుకుని, "ఉండే మెట్లని కొలిచేది ఏంటికమ్మా? ఇంకోటి కడతారా?" అని నవ్వింది. నాలుగు నెలలు కూర్చుని ఒక్కొక్క మూలా గడి మీదికి తెచ్చాను. దాన్నంతటినీ ఆఖరి రోజు నువ్వు ఏం చేశావో అమ్మకు వరసగా చెప్పాను. నీకూ చెప్తాను, ఎందుకంటే నీ ఉత్తరంలో అది ఎక్కడా లేదు. "ఆ రోజు జరిగిన పొరపాటు" అని మాత్రం ఉంది, వానపడింది అన్నట్టు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు సుశీల్ కుమార్ ఆటలోని రేవంతా నడిచి చూసి, ఎక్కడా సందు లేదని రాసి సంతకం పెట్టాడు. అతని పని అదే. అతను సరే అన్న తర్వాత ఎవరూ ముట్టుకోకూడదు. ఆ నియమం పెట్టింది నువ్వు. మూడు నలభైకి నువ్వు ముట్టుకున్నావు, ఫైలు మీద నీ పేరూ టైమూ ఉన్నాయి. షెడ్డు వాకిట్లోంచి చూస్తే లైట్‌హౌసు దీపం నట్టనడుమ కనపడాలని, షెడ్డును మెట్లతో సహా ఏడు డిగ్రీలు తిప్పావు. అందంగా ఉంటుందనే తిప్పావు, కాదనను. తిప్పేసరికి మూలలన్నీ గీతల మధ్యలో పడ్డాయి. అప్పుడు అన్నిటినీ కలిపి పట్టుకుని, గడుల మీదికి లాగే బొత్తాం నొక్కావు. ఏ మూలకు ఏ గీత దగ్గరైతే అది దాని మీదికి దూకింది, మూడో మెట్టు దగ్గర సందు పడింది. నాకు మొదటి వారంలోనే "ఈ పని ఎప్పుడూ చెయ్యకు" అని చెప్పినవాడివి నువ్వు. ఆ తర్వాత ఇంకోసారి ఎవరి చేతా నడిపించి చూడకుండా ఆరు గంటలకు కొనేవాళ్ళకు పంపించేశావు.

సోమవారం ఆ ఆటను కొనే కంపెనీవాళ్ళు ఆఫీసుకు వచ్చారు. ముప్ఫైమంది ముందు వాళ్ళ పెద్దమనిషి తనే ఆడతానన్నాడు. మూడో మెట్టు మీద కాలు పెట్టి పడిపోయాడు. మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ పడ్డాడు. ఎవరో నవ్వారు. ఆరు నెలల తర్వాత చూద్దామని వెళ్ళిపోయారు. మన ఆఫీసు పెద్ద విజయభాస్కర్ గారు అందరినీ నిలబెట్టి, "దీన్ని చివర చెక్ చేసిందెవరు?" అని అడిగారు. నేను గూడూరు నుంచి లైన్లో వింటున్నాను. నువ్వు ఒక్క మాట అన్నావు. "సుశీల్."

అబద్ధం కాదు. చివర చెక్ చేసింది అతనే. నాకు ఒళ్ళు మండేది అక్కడే అన్నా. అబద్ధం చెప్పి ఉంటే భయపడి చెప్పావనుకునేదాన్ని. నువ్వు మాటలు ఏరుకుని మరీ చెప్పావు. ఆ సాయంత్రమే అతన్ని పనిలోంచి తీసేశారు. నువ్వు లిఫ్టు దాకా పోయి భుజం తట్టావట, "ధైర్యంగా ఉండు" అని. ఆ చెయ్యి ఎట్లా లేచింది నీకు?

రెండు వారాల క్రితం ఊరగాయకని నిమ్మకాయల మార్కెట్టుకు పోతే అతను కనిపించాడు. బస్తాల మీద కుంచెతో నంబర్లు వేస్తున్నాడు. నన్ను చూసి కుంచె వెనక్కి దాచుకున్నాడు.

"ఇక్కడేంది సుశీల్?" అన్నాను.

"యాడా తీసుకోలేదక్కా. చెన్నైలో మూడు చోట్లకి పోయినాను. నా పేరు చెప్పేలోపే వాళ్ళకి సంగతి తెలిసిపోయి ఉండాది" అన్నాడు. బస్తా వైపు తిరిగి, "ఆ మెట్టు మీద ఇరవైసార్లు నడిచినానక్కా. ఎగిరినాను, పక్కకి జరిగినాను. పడలా. ఆయన కాలు పెట్టంగానే ఎట్టా పడినాడో నాకు అర్థం కాలా. నా కళ్ళే సరిగ్గా చూళ్ళేదేమో. ఇప్పుడు మామూలు మెట్లు దిగాలన్నా ఒకతూరి ఆగుతుండాను" అన్నాడు.

ఇదంతా విని అమ్మ అడిగింది, "అయితే ఆ బిడ్డ చేసిన తప్పేంది?"

"ఏమీ లేదమ్మా."

"చేసిందెవురు?"

నీ పేరు చెప్పాను. అమ్మ ఏడవలేదు. కళ్ళజోడు తీసి కొంగుతో చాలాసేపు తుడిచింది. "వాడికి ఫోన్ చెయ్యొద్దు. వాళ్ళ ఆఫీసు పెద్దాయనకి చెయ్యి, ఇప్పుడే" అంది.

నేను చెయ్యలేకపోయాను. ఆ రోజంతా గిన్నెలు ఎత్తి పడేస్తూ, తలుపులు విసిరి మూస్తూ తిరిగాను. నా కోపం నీ మీదేనని అమ్మ అనుకుంది. ఇక్కడిదాకా చదివి నువ్వూ అట్లాగే అనుకుంటావు. మిగతాది కూడా చదువు.

ఆ శుక్రవారం పొద్దున మీటింగులో నువ్వు అందరితో అన్నావు. "మా చెల్లెలు ఇంట్లో కూర్చుని చేసే పని కదా, కాస్త అటూ ఇటూ ఉంటుంది. నేను సరిచేస్తాలే." అందరూ నవ్వారు. నువ్వు కూడా నవ్వావు. ఆ నవ్వు నా చెవుల్లోంచి పోలేదు. ఏం సరిచేశావో చూద్దామని నాలుగున్నరకు ఫైలు తెరిచాను. షెడ్డు తిరిగి ఉంది. మెట్లెక్కి చూశాను. మూడో మెట్టు దగ్గర పడిపోయాను.

పంపడానికి ఇంకా గంటన్నర ఉంది. ఒక్క మెసేజీ చాలు. ఫోన్ చేతిలోనే ఉంది. పెట్టలేదు. పడనీ, అనుకున్నాను. అందరి ముందూ నువ్వు పడాలి, అప్పుడు ఎవరి పని అటూ ఇటూ ఉంటుందో తెలుస్తుంది అనుకున్నాను. సుశీల్ పడతాడని నాకు తట్టనే లేదు. సోమవారం నువ్వు అతని పేరు చెప్పినప్పుడు కూడా లైన్లో నోరు మూసుకుని కూర్చున్నాను. నోరు తెరిస్తే నాకు ముందే తెలుసన్న సంగతి బయటికొస్తుంది. మార్కెట్టులో అతను తన కళ్ళనే అనుమానిస్తుంటే నిమ్మకాయలు ఏరుకున్నాను. ఐదు వారాలు, అన్నా.

బుధవారం పొద్దున విజయభాస్కర్ గారికి ఫోన్ చేశాను. నీ సంగతి చెప్పాను. నా సంగతీ చెప్పాను. ఆయన "మీరు చెప్తున్నట్టు మీ అన్నకి తెలుసా?" అన్నారు. ఉత్తరం రాస్తానన్నాను. ఆ శుక్రవారం పన్నెండు గంటలదీ సాయంత్రానిదీ రెండు ఫైళ్ళూ పంపమన్నారు, పంపాను. నన్ను ఇక పని ఆపెయ్యమన్నారు. సరే అన్నాను. సుశీల్‌ను వెనక్కి పిలుస్తామన్నారు గానీ ఎప్పుడన్నది చెప్పలేదు. నీ గురించి ఏమీ అనలేదు. ఈ ఉత్తరం అందేలోపే నిన్ను పిలిచి ఉంటారు. పిలవనీ.

గురువారం కంప్యూటరు తీసుకుని దొరవారిసత్రం పోయాను. అక్కడ సరస్సు వైపు సుశీల్ వాళ్ళ ఊరు. సుశీల్ నాన్న పోలేరయ్య గారు ఆ నీళ్ళలోనే చేపలు పడతారు. ఇంటి ముందు మంచం మీద కంప్యూటరు పెట్టి, పన్నెండు గంటల ఫైలు తెరిచి, "నడువు" అన్నాను. సుశీల్ ఐదు మెట్లూ ఎక్కాడు. దిగాడు. తర్వాత ఆ శుక్రవారం సాయంత్రపు ఫైలు తెరిచాను. మూడో మెట్టు మీద పడిపోయాడు. పన్నెండు గంటల ఫైలు తనే తెరిచి మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ మళ్ళీ ఎక్కాడు.

"చూసినావా నాయనా, పడలా" అన్నాడు.

"చూస్తానే ఉండాను కదరా" అన్నారు పోలేరయ్య గారు. ఆయనకు ఆ తెరా గడులూ ఏమీ తెలియవు. మెట్లెక్కడం తెలుసు. నావైపు తిరిగి, "వీడే పని చెడగొట్టి వచ్చినాడనుకున్నానమ్మా. రెండు వారాలు వీడితో మాట్లాడలా నేను" అన్నారు.

అప్పుడు సుశీల్ అడిగాడు. "ఇది మీకు ఎప్పుడు తెలిసిందక్కా?"

చెప్పాను. ఏమీ దాచుకోలేదు.

"మార్కెట్టు కాడ నాతో మాట్లాడినప్పుడు కూడా తెలుసా?"

"తెలుసు."

అతను కంప్యూటరు మూసి నా చేతిలో పెట్టాడు. తిట్టి ఉంటే బాగుండేది. "అక్కా అక్కా అని పిలిచినానే మిమ్మల్ని" అన్నాడు. నేను లేచాను. గేటు దాకా వచ్చాక వెనకనుంచి పిలిచాడు. ఈసారి అక్కా అనలేదు.

"మీ అన్నగారిని ఫోన్ చెయ్యొద్దనండి. ఆఫీసువాళ్ళ చేత చెప్పించొద్దనండి. ఇక్కడికి వచ్చి, మా నాయన ముందర నిలబడి, ఆయన నోటితో చెప్పమనండి."

చెప్తానన్నాను. ఇదే చెప్పడం.

క్షమించమని నేను అతన్ని అడగలేదు. అడిగే మొహం లేదు. నిన్ను క్షమించానని కూడా రాయడం లేదు, అది నిజం కాదు. నేను చేసింది చెప్పుకున్నంత మాత్రాన నువ్వు చేసింది తగ్గిపోదు. నీకు లైట్‌హౌసు దీపం కావాల్సొచ్చింది. నాకు నువ్వు పడాల్సొచ్చింది. మధ్యలో ఒక మనిషి తన చూపునే నమ్మలేకపోయాడు.

వచ్చే శనివారం పొద్దున చెన్నైలో బండెక్కి దొరవారిసత్రంలో దిగు. నేను ఇటునుంచి వచ్చి ప్లాట్‌ఫారం మీదే ఉంటాను. దిగగానే నన్ను నవ్వించాలని చూడకు. దారిలో పోలేరయ్య గారికి ఏం చెప్పాలో నన్ను అడగొద్దు. వదినకు విషయం నువ్వే చెప్పుకో. నువ్వు రాకపోతే నేను మళ్ళీ ఒక్కదాన్నే ఆ ఇంటికి పోతాను. నీ తరఫున మాత్రం ఒక్క మాట మాట్లాడను.

ఇట్లు,
కోపంతోనే ఉన్న నీ చెల్లెలు,
ఏంజెలిన్