నాయన పేరు కింద ఆ మాట

బుధవారం, మార్కాపురం

నాయన ఉన్న రోజుల్లో ఒక పొద్దున, ఆయన డ్యూటీకి బయల్దేరుతుంటే నుదుట విభూతి పెట్టాను. రాకెట్ కేంద్రంలో వాల్వులు కడిగి శుభ్రం చేయడం ఆయన పని. నవ్వుతూ కుళాయి దగ్గరికి పోయి, సబ్బుతో రెండుసార్లు నుదురు కడుక్కున్నాడు. "ఏమనుకోవద్దు తల్లీ. ఒక్క రేణువు వాల్వులో పడినా రాకెట్టు అక్కడే ఆగిపోతాది. సామికి నువ్వే చెప్పు" అన్నాడు. గోళ్లలో కూడా మట్టి లేదని ఒకసారి నాకు చూపించి బస్సెక్కాడు.

నాయన సంవత్సరీకానికి పలకరాయి మీద చెక్కించే మాటలు తమ్ముడు ఈరోజు రాసుకొచ్చాడు. ఆయన పేరు కింద 'రాకెట్ శాస్త్రవేత్త' అని ఉంది.

"నాయన శాస్త్రవేత్త కాదు రా" అన్నాను.

"అయితే ఏంది అక్కా, కడిగేటోడని రాయమంటావా? రేపు సర్పంచికి నిలబడేది నేను. అట్ల రాస్తే జనం నవ్వరా?"

"ఆయన బతికినన్నాళ్లూ ఎవరూ నవ్వలేదు. సిగ్గుపడింది నువ్వొక్కడివే."

చెల్లెలు మధ్యలో వచ్చి, "పోనీలే అక్కా, మంచి మాటే గదా" అంది.

జపానికి కూర్చున్నా కోపం తగ్గలేదు. తగ్గించమని దేవుణ్ని అడగనూ లేదు.

సాయంత్రం అందరూ కూర్చుని తేల్చారు. ఆ మాట ఉంటుంది. రాయి అడుగున బిడ్డల పేర్లు వేస్తారట. నా పేరు తీసేయమన్నాను. తమ్ముడు వెంటనే సరేనన్నాడు.