కుర్చీలోనుంచి పదిసార్లు

అన్నా,

నువ్వు పోయి ఈ పొద్దుకు ఏడాది. వదిన వచ్చినోళ్లందరికీ అన్నం పెట్టి పంపించింది. సాయంత్రం ఇల్లు ఖాళీ అయినాక, గోడకున్న నీ అట్టను కిందికి దించినాను.

నువ్వు ఎక్సర్‌సైజులు రాసి పెట్టుకున్న అట్టే. పోలీస్ సెలక్షన్‌కు పోయేటప్పుడు దాని మీద వంద దండీలు అని రాసినావు. సెలక్షన్ తప్పిపోయి సూళగిరిలో కంపెనీకి చేరినాక, అది కొట్టేసి పొట్ట తగ్గల్ల అని రాసినావు. జబ్బు పడినాక అన్నిటికన్నా కింద రాసింది, చేతులు ఆనించకుండా కుర్చీలోనుంచి పదిసార్లు లెయ్యల్ల అని.

"ఇది కూడా ఎక్సర్‌సైజేనా అన్నా?" అని నేను నవ్వినాను.

పోయిన నెల నాకు నడుము పట్టేసింది. నువ్వు పెయింట్ డబ్బాల్లో సిమెంట్ పోసి చేసిన బరువులు ఇంక ముట్టొద్దని డాక్టర్ చెప్పినాడు. అవి ఇప్పుడు తలుపు కొట్టుకోకుండా అడ్డం ఉండాయి. ఆయన రాసిచ్చిన చీటీలో మొదటిదే కుర్చీలోనుంచి లేచేది.

అందుకే నీ కుర్చీలోనే కూర్చుని మొదలుపెట్టినాను. వదిన గిన్నెలు తోముతానే లెక్క పెట్టింది. ఏడుకు కాళ్లు వణికి ఆపేసినాను.

"మీ అన్నకు కూడా ఏడుకే వణుకుతా ఉండెనప్పా," అనింది వదిన. "అయినా పది కానిదే వదిలేవాడు కాదు."

అట్ట మీద నీ పది కింద నా ఏడు రాసి, మళ్లీ గోడకు తగిలించినాను.

ఇప్పుడు నువ్వు నవ్వొచ్చు అన్నా.