నీలం కోటు ఆవిడ

పెద్దమ్మకు నమస్కారాలు.

ఇక్కడ అందరం కులాసా. ఫోన్ చేస్తే మెషీన్ల రొదలో నీకు ఒక్క ముక్కా వినబడదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

ఆఫీసు మానేసి సొంతంగా, పనివాళ్ల శిక్షణకు పాఠాలు తయారుచేయడం మొదలుపెట్టాక నాకు పని ఇచ్చిన మొదటి మనిషివి నువ్వే. నీ లాండ్రీలో కౌంటరు దగ్గర గొడవలు ఎక్కువయ్యాయనీ, మనవాళ్లకు మాటతీరు నేర్పమనీ అడిగావు. మొహమాటానికే అడిగావేమో, నేను మాత్రం మనసుపెట్టి చేస్తున్నాను. పాత మేనేజరు నా కుర్చీ నెలాఖరు దాకా ఖాళీగా ఉంచుతానన్నాడు. ఈ పని కుదిరితే నా బతుకు నాది. కుదరకపోతే మళ్లీ ఆ కుర్చీయే గతి.

నా పద్ధతిలో ముందు సమస్య వస్తుంది, తర్వాతే పాఠం. సమస్య ఇదిగో: ఒకావిడ మీ దగ్గర నీలం కోటు ఉతకడానికి ఇచ్చింది. కాలరు ముడుచుకుపోయింది. మూడో గుండీ ఊడిపోయింది. ఆవిడ పల్లెత్తు మాట అనకుండా కోటు తీసుకుని వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు. ఇప్పుడు మీరేం చేస్తారు? అందరికీ చదివి వినిపించి, ఎవరేమన్నారో రాయి.

ఇట్లు,
నీ పిచ్చుక

తా.క. జవాబు తప్పయినా పరవాలేదని చెప్పు. ఎవరూ కంగారుపడాల్సిన పనిలేదు.

---

చిరంజీవి పిచ్చుకకు పెద్దమ్మ దీవెనలు.

నీ ఉత్తరం చదివాక నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లుగా షాపు నడుపుతున్నాను, బట్ట పాడుచేశామని ఒక్కరిచేత మాట పడలేదు. పాఠం సంగతి తర్వాత, ముందు ఆ కోటు సంగతి తేలాలి.

షట్టరు సగం దించి, అందర్నీ నిలబెట్టి చదివాను. ఉతికే ఆయన "నీళ్లు మరీ మరిగిపోయాయేమోనమ్మా" అని నసిగాడు. కౌంటరు అమ్మాయి బావురుమంది. మూడో గుండీ ఊడటం తను కళ్లారా చూసిందట. ఇస్త్రీ ఆయన మాత్రం లోపలికెళ్లి తన చొక్కాలు సంచిలో సర్దుకున్నాడు. "ఆ కాలరు నేనే పాడుచేశాను, వెళ్లిపోతాను" అంటున్నాడు. గుమ్మానికి అడ్డంగా నిలబడి ఆపాను.

ఆవిడ ఎవరో, ఇల్లెక్కడో వెంటనే రాయి.

ఇట్లు,
పెద్దమ్మ

తా.క. పాఠానికి తొందరేం లేదు. ఇక్కడ పనే ఆగిపోయింది.

---

పెద్దమ్మకు,

ఆవిడ లేదు. కోటూ లేదు. నేను నా గదిలో కూర్చుని అల్లిన కథ అది. మా పనిలో అందరూ ఇలాగే చేస్తారు. ఇస్త్రీ ఆయన్ని సంచి విప్పమను. లేని కోటు ఆయనెలా పాడుచేశాడో నాకు అంతుపట్టడం లేదు.

ఏ పని చేసినా అందులో ఏం నేర్చుకున్నానో రాసుకునే అలవాటు నాది. ఈసారి ఇలా రాసుకున్నాను: ఊహించి రాసినదాని మీద ఇది ఊహ అని పెద్ద అక్షరాలతో రాయాలి.

పాఠం కూడా పంపుతున్నాను. మూడే మెట్లు. ఎదుటివాళ్లు చెప్పేది మధ్యలో అడ్డుపడకుండా వినాలి. తప్పు మాదే అనాలి, ఆ వెంటనే "కానీ" అనకూడదు. ఏం చేస్తే మీ మనసు కుదుటపడుతుందని అడగాలి.

ఇట్లు,
పిచ్చుక

తా.క. మూడో గుండీ కూడా ఊహే. కౌంటరు అమ్మాయికి నచ్చజెప్పు.

---

చిరంజీవి పిచ్చుకకు దీవెనలు.

నీది వెన్నపూసలాంటి మనసు. ఇస్త్రీ ఆయన పని పోతుందని అసలు ఆవిడే లేదంటున్నావు. చిన్నప్పుడు మీ తమ్ముడు అద్దం పగలగొడితే, మనింట్లో అద్దమే లేదని వాదించావు. నాకు గుర్తుంది. ఆయన్ని తీసెయ్యనని మాటిచ్చాను, ఇకనైనా దాచకు.

నువ్వు చెప్పకపోయినా మేం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. నీ మూడు మెట్లూ గోడకు అంటించాం. నీలం కోటుతో షాపు ముందు నుంచి వెళ్లే ప్రతి మనిషినీ ఆపి, కౌంటరు అమ్మాయి "తప్పు మాదేనండీ" అంటోంది. ఒకావిడ, ఎవరూ అడ్డుపడటం లేదు కదా అని, తన తోడికోడలి సంగతంతా సాయంత్రం దాకా చెప్పింది. పోస్టాయనదీ నీలం కోటే. ఆయనకీ క్షమాపణ చెప్పాం. ఇన్నేళ్ల సర్వీసులో తనకెవరూ చెప్పలేదని కళ్లు తుడుచుకున్నాడు.

ఇట్లు,
పెద్దమ్మ

తా.క. ఇస్త్రీ ఆయన రెండో మెట్టు దగ్గర "కానీ" అనకుండా ఉండలేకపోతున్నాడు. అందుకని మాట్లాడటమే మానేశాడు.

---

పెద్దమ్మా,

సరే, నువ్వన్నదే నిజం. ఆవిడ ఉంది. నాకు ఫోన్ చేసింది. మిమ్మల్నందర్నీ మనస్ఫూర్తిగా క్షమించానంది. వేరే ఊరికి మకాం మార్చేస్తోందట. దయచేసి ఇంక వెతకొద్దు, దారినపోయేవాళ్లని ఆపొద్దు.

నెలాఖరు వచ్చేసింది. పాత మేనేజరుకు వస్తున్నానని రాయబోతున్నాను. నేను చేసిన మొదటి పాఠానికి నడుస్తున్న లాండ్రీ మూతపడబోయింది. ఈ పని నావల్ల కాదేమో. ఏడుపొస్తోంది పెద్దమ్మా. ఇది మాత్రం ఊహ కాదు.

ఇట్లు,
పిచ్చుక

తా.క. ఈసారి ఏం నేర్చుకున్నానో రాసుకోబుద్ధి కాలేదు.

---

చిరంజీవి పిచ్చుకకు పెద్దమ్మ దీవెనలు.

ఆవిడ క్షమించిందనీ, ఊరు వదిలి వెళ్లిపోతోందనీ రాశావు. ఆ ముక్క ఆవిడకే చదివి వినిపించాను. ఇప్పుడు నా ఎదురుగా కూర్చుని టీ తాగుతోంది. తను నీకు ఫోన్ చేయలేదనీ, ఎక్కడికీ వెళ్లడం లేదనీ, క్షమించే విషయం కాలరు బాగయ్యాక ఆలోచిస్తాననీ రాయమంటోంది.

ఎవరి కోటో పాడుచేసి వీధులన్నీ వెతుకుతున్నామని ఆవిడ చెవిన పడిందట. తనే కోటు పట్టుకుని వచ్చింది. కిందటేడు మన దగ్గరే ఇచ్చింది. కాలరు ముడుచుకుపోతే, గొడవెందుకులే అని వెళ్లిపోయి మళ్లీ ఇటు తొంగిచూడలేదు. ఇస్త్రీ ఆయన ఒప్పుకున్నది ఈ కోటు గురించే. ఇన్నాళ్లూ లోలోపల కుమిలిపోయాడు పాపం.

ఆవిణ్ణి చూడగానే నోరు తెరిచి "తప్పు నాదేనమ్మా" అన్నాడు. మేమంతా ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాం. "కానీ" రాలేదు. "ఏం చేస్తే మీ మనసు కుదుటపడుతుంది?" అని కూడా అడిగాడు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

ఆవిడ పెద్దాసుపత్రిలో నర్సులందరికీ పైఅధికారి. "ఇలా మాట్లాడటం మీకు ఎవరు నేర్పారండీ? మావాళ్లకీ నేర్పుతారా?" అంది. నీ చిరునామా ఇచ్చాను. వచ్చేవారం రమ్మంటోంది. ఈసారి గదిలో కూర్చుని అల్లకు. కొన్నాళ్లు వార్డులో నిలబడి, చూసి రాయి. ఆ కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చుకోమని మీ మేనేజరుకు చెప్పు.

ఆవిడ లేనే లేదని నాతో ఎంత వాదించావు! పెద్దదాన్ని, నాకు తెలియదా? ఇకమీదట నా దగ్గర ఏదీ దాచకు.

ఇట్లు,
పెద్దమ్మ

తా.క. కోటు నీలం కాదు, గోధుమరంగు. గుండీలన్నీ ఉన్నాయి. పాఠంలో సరిచెయ్యి. కౌంటరు అమ్మాయి మాత్రం మూడోది ఊడటం చూశాననే అంటోంది.