కుడిచేతి స్వరాలు

రేపల్లె,
ఆగస్టు 1975.

చిరంజీవి కుసుమకుమారికి నాన్న దీవించి వ్రాయునది. ప్రభువు దయవల్ల అమ్మా నేనూ బాగానే ఉన్నాం. నీ ఆరోగ్యం సంగతి నువ్వు రాయలేదు, ఈసారి రాయి.

నువ్వు మద్రాసు నుంచి పంపిన టేపు అందింది. మనింట్లో టేపురికార్డరు లేదు కాబట్టి బాపట్లలో హనుమంతరావుగారింటికి అమ్మనూ తీసుకుని వెళ్ళాను. ఇది కొత్త తరహా పియానో సంగీతమనీ, అవే స్వరాలు తిరిగి తిరిగి వస్తూ మెల్లగా మారతాయనీ ముందే రాశావు. అయినా కాసేపటికి హనుమంతరావుగారు లేచి, "టేపు చిక్కుకుందేమోనండి" అని మూత తీయబోయారు. నేనూ కుదురుగా కూర్చోలేక వరండాలోకి వెళ్ళాను, మళ్ళీ వచ్చాను.

ఇది సంగీతమేనా, విన్నవాళ్ళు నవ్వారు, మానేసి గుంటూరులో టైపిస్టు ఉద్యోగంలో చేరనా అని అడిగావు. సంగీతమేనమ్మా. చర్చిలో చరణాలన్నీ ఒకే వరసలో పాడతాం. చివరి చరణానికి వచ్చేసరికి మన మనసు మొదట ఉన్నట్టు ఉండదు. ఇక నీ వాయింపు. ఎడమచేయి నిలకడగా ఉంది గానీ బరువెక్కువ. వినేవాళ్ళకు విసుగొస్తుందని భయపడి మధ్యలో తొందరపడ్డావు. స్వరం మారే ప్రతిచోటా గట్టిగా నొక్కి చూపించావు. అక్కర్లేదు, వాళ్ళే కనిపెట్టనీ.

రాయకూడదనుకున్నది రాస్తున్నాను. చివర్లో ఎడమచేయి ఒక్కటే మోగింది. "కుడిచేయి ఎందుకు ఆపేసిందో" అన్నాను.

అమ్మ నావంక అదోలా చూసింది. "ఆపడమేంటండీ? పైన సన్నగా వాయిస్తూనే ఉందిగా."

హనుమంతరావుగారు తల దించుకున్నారు. మళ్ళీ వేయించుకుని, పెట్టెకు చెవి ఆనించి విన్నాను. నాకు వినబడలేదు.

మర్నాడు తెనాలిలో చెవుల డాక్టరుకు చూపించుకున్నాను. "పై స్వరాలు పోయాయి మేష్టారూ, తిరిగి రావండి. కిందివి ఎన్నాళ్ళుంటాయో చెప్పలేను" అన్నాడు. రైల్లో చోటున్నా తలుపు దగ్గరే నిలబడి వచ్చాను. స్టేషను నుంచి నేరుగా చర్చికి వెళ్ళి పియానో కుడివైపు మెట్లు ఒక్కొక్కటీ నొక్కాను. చెక్క చప్పుడు తప్ప ఏమీ లేదు. ఇన్నాళ్ళూ ఆదివారాలు వేళ్ళ అలవాటుతో వాయిస్తూ, వింటున్నాననే అనుకున్నాను. ఆదివారం ఆరాధనలో వాయించడానికి ఇంకెవరినైనా చూసుకోమని పాస్టరుగారితో చెప్పేశాను. అప్పటినుంచీ ఇంట్లో ఒకచోట ఉండలేకపోతున్నాను. అమ్మ, నేను ఏ గదిలోకి వెళితే ఆ గదిలోకి ఏదో పని తెచ్చుకుంటుంది.

కాబట్టి పైన రాసిన తీర్పు సగం వాయింపు మీదే. దాన్ని నమ్ముకుని ఉద్యోగానికి ఒప్పుకోకు. వచ్చే శుక్రవారం ఇద్దరం మద్రాసు వస్తున్నాం. కుడిచేయి ఎలా ఉందో అమ్మ చెబుతుంది. నేను పియానో చెక్క మీద చెయ్యేసి నిలబడతాను. నువ్వు ఎంతసేపైనా వాయించు. కింది స్వరాలు ఉండగానే నిన్ను దగ్గరగా వినాలని ఉంది.

ఇట్లు,
నీ రాక కోసం కాదు, నీ దగ్గరికి రావడానికి తొందరపడుతున్న
మీ నాన్న,
దేవసహాయం.